పోగు తప్పిన చీర

నగరిలో కరెంటు పోయి మరమగ్గాలు ఆగిన మధ్యాహ్నం. చీర ఉయ్యాల్లో నిద్రపోతున్న బిడ్డ నుదుటిని ముద్దాడింది అక్క. తిరుపతిలో కణాల గురించి చదువుకునే చెల్లెలు ఉయ్యాల ఊపుతోంది.

“ఎప్పుడు ముద్దు పెట్టినా ఉప్పగానే ఉంటాడే వీడు. దగ్గూ పోలేదు.”

“ఉప్పును దాటించే ప్రోటీను కణం పొరలో ఉండాలక్కా. వీడి ఒంట్లో అది తయారవతాది గానీ, మడత రవ్వంత తప్పతాది. కణం లోపలుండే కాపలా దాన్ని పొర దాకా పోనీకుండా చింపేస్తాది. అందుకే ఈ ఉప్పూ, దగ్గూ.”

“పోనిస్తే?”

“కొంచెమన్నా పని చేస్తాది.”

“పోగు తప్పిన చీరను నాయన ఎన్నడన్నా చింపినాడా? అమ్మకు ఇచ్చేసేవాడు. ఈ ఉయ్యాల అదే కదే.”

“మందుండాదక్కా. మడత సర్ది దాటిస్తాది. మనదాకా రావల్ల.”

అక్క ఉయ్యాల అంచు నిమిరింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

“అందాకా ఆ కాపలావోడు కలలోకొస్తే చెప్తానే, ఆ చీర మాదే, ఇచ్చెయ్యమని.”