వంటింటి ఫోను

(మధ్యాహ్నం రెండు దాటింది. వంటింట్లో లైన్‌మాన్, ఇల్లుగలావిడ. పక్క గది తలుపు మూసి ఉంది.)

"ఆ స్టూలు ఎక్కకండి అన్నయ్యగారూ. ఒక కాలు ఊగుతుంది. పడ్డారంటే తల నేరుగా ఆ గట్టుకి తగులుతుంది."

"ముప్ఫై ఏళ్ళుగా స్తంభాలెక్కుతున్నవాణ్ణి చెల్లెమ్మా. స్టూలు మీంచి పడితే ఆఫీసులో పరువు పోతుంది."

"పరువు పోతే పర్లేదు, మనిషి పోతేనో? ఉండండి, పట్టుకుంటా. కరెంటు కొట్టదు కదా?"

"ఫోను తీగ కొట్టదు. గిల్లుతుంది, అంతే. ఊఁ... ఇక్కడా బాగానే ఉంది. స్తంభం దగ్గర చూశాను, బయట పెట్టెలో చూశాను, తీగంతా తడిమాను. లైను శుభ్రంగా ఉంది."

"మరి ఇంటర్నెట్టు ఎందుకు తెగిపోతోంది? ఎలకలేమో. గోడల్లో ఎలకలు తీగలు కొరికితే ఇళ్ళే తగలబడతాయట."

"ఎలకలూ లేవు, మంటలూ లేవు. కంప్యూటరు చూస్తేగానీ చెప్పలేను. మీ అమ్మాయిని ఒకసారి ఆ గది తలుపు తియ్యమనండి."

"పనిలో ఉంది."

"రెండు నిమిషాలు చాలు."

"పనిలో ఉంటే పిలవకూడదు. డాక్టర్లు మాట్లాడిన మాటలు ఆ తీగలోంచి వస్తాయి. ఇది విని, టైపు చేసి, మళ్ళీ అదే తీగలో పంపుతుంది. రోజూ నాలుగు లోపు పంపాలి. ఇప్పటికి రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట."

"అమ్మాయి చెప్పిందా?"

"తలుపు కొట్టొద్దని చీటీ పెట్టింది. అందులో రాసింది."

"చీటీ ఎందుకు? గోడకి అవతలేగా ఉంది."

"దానికి గొంతు బాలేదు."

"అయ్యో. ఎన్నాళ్ళనించి?"

"నలభై రోజులు. నలభై ఒకటి."

"నలభై ఒక్క రోజులుగా గొంతునొప్పా?"

"టీ పెట్టనా?"

"వద్దు. కంప్లైంటు ఇచ్చింది అమ్మాయేనా?"

"నేనే ఇచ్చా, పక్కింటి ఫోను నుంచి. అది ఇవ్వమని అడగలేదు. అది ఏదీ అడగదు."

"సరే, ఎప్పుడెప్పుడు తెగుతోందో ఏమైనా గుర్తుందా?"

"ఇవాళ పది నలభైకి ఒకసారి. పదకొండుంపావుకి. పన్నెండింటికి రెండుసార్లు, వెంట వెంటనే. భోజనమయ్యాక ఇంకోసారి."

"గడియారం ఎదురుగా పెట్టుకుని కూర్చున్నట్టు చెప్పారే. గది మూసి ఉంది, అమ్మాయి మాట్లాడదు. తెగిందని మీకెలా తెలుసు?"

"తెలుస్తుంది. లోపల కంప్యూటరు పక్కనున్న పెట్టె మళ్ళీ కీచుకీచుమని మొదలుపెడుతుందిగా, దాన్నిబట్టి."

"అది కీచుమనకముందు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. పిండి కలుపుతున్నా."

"ఈ రిసీవరు నిండా పిండే ఉంది చెల్లెమ్మా."

"తుడుస్తా ఉండండి."

"ఇంకా తడి కూడా ఆరలేదు."

"ఎవరో ఫోను చేశారు. రాంగ్ నంబరు."

"ఇంటర్నెట్టు నడుస్తుంటే బయటి ఫోను రాదు. ఎంగేజ్ వస్తుంది."

"టీలో పంచదార ఎంత వెయ్యమంటారు?"

"చెల్లెమ్మా."

"నేను మాట్లాడను అన్నయ్యగారూ, ఒట్టు. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటా, అంతే. ఊపిరి కూడా బిగబట్టుకుంటా. అందులో గరగరమని చప్పుడొస్తుంది. అది వస్తోందంటే లోపల కుర్చీలో కూర్చుని పని చేసుకుంటోందన్నమాట. ఏమీ... ఏమీ చేసుకోలేదన్నమాట. తలుపు కొట్టొద్దంది. నేను కొట్టలేదు."

"మీరు ఎత్తాక ఆ గరగర ఆగిపోతోందా?"

"కాసేపటికి ఆగుతుంది. మళ్ళీ వచ్చిందేమోనని మళ్ళీ ఎత్తుతా."

"అదే మరి. ఆ గదిలోదీ ఇదీ ఒకటే లైను. కంప్యూటరు పనిలో ఉండగా మీరు ఇక్కడ ఎత్తితే అక్కడ కనెక్షను పోతుంది. పిల్ల మళ్ళీ మొదట్నించీ మొదలెట్టుకోవాలి. స్తంభం తప్పు లేదు, ఎలక తప్పు లేదు."

"నేనా?"

"మీరే."

"ఆ రెండుసార్లు ఆలస్యమైంది కూడా నావల్లేనా?"

"లైను బాగానే ఉందిగా. ఇంకెవర్ని అనమంటారు?"

"అయితే మళ్ళీ నేనే."

"మళ్ళీ అంటే?"

"ఏం లేదు... దానికి ఉద్యోగం కాగితం వచ్చింది, వేరే ఊళ్ళో. ఒక్కతే ఉండాలి. బస్సు దిగి పావుగంట నడవాలట. ఆ రోడ్డు మీద ఏ లారీ వస్తుందో, ఏ వెధవ వెంటపడతాడో. పదిహేనో తారీఖులోగా చేరమన్నారు. నేను ఆ కాగితాన్ని పప్పుడబ్బా అడుగున పెట్టా. ఇరవయ్యో తారీఖున దానికి దొరికింది."

"తిట్టిందా?"

"తిడితే బాగుండేది. పప్పంతా మళ్ళీ డబ్బాలో పోసి, మూత పెట్టి, ఆ కాగితం నా చేతికిచ్చి గదిలోకి వెళ్ళింది. అంతే. ఆ రోజు నుంచీ లెక్కపెడుతున్నా."

"ఊఁ."

"ఈ ఫోను తీసెయ్యండి అన్నయ్యగారూ. తీగ కత్తిరించెయ్యండి. ఉంటే నేను ఆగలేను, నా సంగతి నాకు తెలుసు."

"తీసేస్తా. ముందో పరీక్ష ఉంది. నేను బయట పెట్టె దగ్గర్నుంచి లైన్లోకి వస్తా. మీరు ఇది ఎత్తండి, అమ్మాయి గదిలోది ఎత్తాలి. రెండూ పలుకుతున్నాయో లేదో చూడాలి."

"అది పలకదు."

"చీటీ పెట్టండి. మీ ఇంటి పోస్టాఫీసు బాగానే నడుస్తోందిగా."

"ఏమని రాయను?"

"లైను చూస్తారట, ఫోనెత్తమని రాయండి."

"పంపడానికి టైము చాలదేమో. ఎంతైంది, రెండున్నరేనా?... తలుపు కిందికి తోశా. లాక్కుంది. మీరు వెళ్ళండి. ఎండగా ఉంది, తల మీద ఏదైనా వేసుకోండి. కళ్ళు తిరిగి పడిపోతే నాకు దిక్కెవరు."

"హలో. చెల్లెమ్మా, వినపడుతోందా?"

"ఆఁ, వినపడుతోంది. తల మీద వేసుకున్నారా?"

"వేసుకున్నా. అమ్మాయి ఎత్తిందా?"

"ఏమో. టిక్కుమంది."

"అయితే ఎత్తినట్టే. నేను లైన్లోంచి తప్పుకుంటున్నా. మీరు మాట్లాడుతూ ఉండండి."

"నేనా? ఏం మాట్లాడను? అన్నయ్యగారూ... అన్నయ్యగారూ..."

"…"

"బుల్లీ. అమ్మని."

"…"

"లైను చూడ్డానికే. ఆయన మాట్లాడమన్నారు. నువ్వేం మాట్లాడక్కర్లేదు."

"…"

"తెంపుతున్నది నేనేనట. అది నాకు తెలీదమ్మా. ఆ కాగితం తెలిసే దాచా, ఇది తెలీక చేశా. ఏదైతేనేం, రెండుసార్లూ నష్టపోయింది నువ్వే."

"…"

"ఈ ఫోను తీయించేస్తున్నా. ఆయన కత్తెర తీసుకొస్తున్నారు. ఇక నీ పని ఎవరూ చెడగొట్టరు. కంచం తలుపు దగ్గర పెట్టి వెళ్ళిపోతా, చప్పుడు చెయ్యను."

"…"

"ఉన్నావా? ఊపిరి వినపడుతోంది. నీదేనా, నాదేనా?"

"…"

"సరే. పెట్టేస్తున్నా మరి."

"నువ్వు ఎత్తినప్పుడల్లా ఇక్కడి ఫోను టింగుమంటుందమ్మా. నాకు మొదటిరోజు నుంచీ తెలుసు. కత్తిరించొద్దని చెప్పు ఆయనకి. నాలుగయ్యాక ఎత్తు, నేనూ ఎత్తుతా."