గంటకు మామగారు పెట్టిన పేరు

పెద్దలకూ, టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచి వచ్చిన మా అత్తయ్య స్నేహితురాళ్లకూ, చోటు చాలక మెట్ల మీద సర్దుకున్న ఇరుగుపొరుగువారికీ నమస్కారం. ఈ హాల్లో ఇంతమంది పట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ఉంటే మీ అందరి పాత ఫోన్ నంబర్లూ ఈపాటికి గడగడా చెప్పేసి ఉండేవారు. ఆవిడ లేరు. మూడు వారాలైంది. ఆ మాట అనడం నాకింకా చేతకావడం లేదు.

మామగారు ఈ సభలోకి రాలేదు. వెనక గదిలో ఉన్నారు. "ఇంతమందిలో ఏడవలేను" అన్నారు. వచ్చినవాళ్లంతా నన్ను ఒకటే అడుగుతున్నారు. పక్షవాతం వచ్చిన మనిషి, భార్య పోయాక, ఈ ఇంట్లో ఎలా ఉంటారు? న్యాయమైన ప్రశ్నే. నేనూ అదే అడిగాను. జవాబు చెప్పాలంటే ముందు అత్తయ్య గురించి చెప్పాలి.

నాలుగేళ్ల కిందట ఆయనకు కుడి చెయ్యీ, కుడి కాలూ, మాటా దెబ్బతిన్నాయి. మంచం పక్కన టాబ్లెట్ పెట్టాం. దాని మీద నొక్కితే వంటింట్లో ఫోన్ మోగుతుంది. వైఫై మీద నడిచే గంట. పెట్టిందెవరు? నేనే. కొమ్ములు తిరిగిన సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా! కింద వాళ్లు, పై అంతస్తులో మేము, అందరికీ ఒకటే వైఫై. ఒక మధ్యాహ్నం పైన పిల్లలు సినిమా చూస్తున్నారు, నేను ఆఫీసు ఫైళ్లు దింపుకుంటున్నాను, కింద ఆయన గంట నొక్కారు. అది నాలుగు నిమిషాలు ఆలస్యంగా మోగింది. ఆలోపే ఆయన నీళ్లకోసం ఒరిగి కిందపడ్డారు.

అత్తయ్య ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. నన్ను పిలిచి ఇంతే అడిగారు: "అల్లుడుగారూ, అర్జెంటు కాల్‌నీ ఊసుపోని కాల్‌నీ ఒకే వరసలో నిలబెడతారా ఎక్కడైనా?" ముప్ఫై ఒక్క ఏళ్లు ఎక్స్ఛేంజీలో చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని జనాన్ని కలిపిన మనిషి మరి.

మర్నాటి నుంచి అరవై ఆరేళ్ల ఆవిడ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. వీల్యాన్ అంటే ఏమిటో నాకంటే ముందు ఆవిడకే బోధపడింది. ఒకే తీగలో వేరు వేరు గదులు కట్టడం, అంతే. టీవీకీ ఆటలకూ ఒక గది. ఇంట్లోవాళ్ల ఫోన్లకు ఒకటి. చుట్టాలకు ఒకటి. మామగారి గంటకు విడిగా ఒకటి, అన్నిటికంటే ముందు దారి దానికే. ఇప్పుడు మీ ఫోన్లన్నీ ఎక్కడున్నాయో తెలుసా? చుట్టాల గదిలో. ఎంత దగ్గరివాళ్లయినా సరే, అత్తయ్య దగ్గర మొహమాటం లేదు. ఆ తర్వాత ఆవిడ ఉన్నన్నాళ్లూ గంట ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

ఆ తర్వాత నంబర్ల గొడవ. నెట్‌వర్కులో ప్రతి వస్తువుకూ పొడుగాటి నంబరుంటుంది. మామగారికి అవి గుర్తుండేవి కావు, ఎడమ చేత్తో కొట్టడమూ కష్టమే. "నంబర్లు గుర్తుపెట్టుకోవడం నా ఉద్యోగం, ఆయనది కాదు" అని అత్తయ్య ఇంట్లోనే డీఎన్ఎస్ పెట్టుకున్నారు. అది మన పాత టెలిఫోన్ డైరెక్టరీ లాంటిది. పేరు చెబితే నంబరు వెతికిపెడుతుంది. పేర్లు మాత్రం ఆయన్నే పెట్టమన్నారు. మాట పడిపోయిన మనిషి ఒక్కొక్క పేరూ కూడబలుక్కుని చెప్పడానికి వారం పట్టింది. వీధి కెమెరాకు "కిటికీ" అన్నారు. నా ఆఫీసు ప్రింటరుకు "గోల" అన్నారు. నేను రెండు రోజులు అలిగాను.

ఇక నా ఘనకార్యం వినండి. అత్తయ్య పోయిన ఆరో రోజున, ఈ గదులన్నీ కట్టిన నెట్‌వర్కు పెట్టె సెట్టింగులు ఒకసారి సరిచేద్దామని కూర్చున్నాను. ఏ దారిన లోపలికి వెళ్లానో ఆ దారినే ఇంకో గదిలోకి మార్చి, సేవ్ నొక్కాను. అంతే! తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నవాడి పని అయింది నా పని. మామగారి గంట రెండు గంటలపాటు మోగలేదు. వెళ్లి చూస్తే ఆయన దాహంతో, తడిసిన పక్క మీద, నా వంక చూస్తూ ఉన్నారు. ఆ చూపు నేను మర్చిపోలేను. మర్నాడే వృద్ధుల సంరక్షణ కేంద్రం నుంచి ఫారం తెచ్చాను. ఇది మన వల్ల కాదని చేతులెత్తేశాను.

మా ఆవిడ ఫారం ముట్టుకోలేదు. వాళ్లమ్మ నోటుపుస్తకం తెరిచింది. అందులో ఇలా ఉంది: "పెట్టెకు తీగలు గుచ్చే చోట్లలో ఎనిమిదో పోర్టు ఎప్పుడూ ఖాళీగా ఉంచాను. ఇరుక్కుపోతే తీగ అక్కడ పెట్టండి, లోపలికి దారి దొరుకుతుంది. అల్లుడుగారు తప్పకుండా ఇరుక్కుంటారు." అమ్మ పోయాక మా ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే ఏడ్చింది. సాయంత్రంలోపు అన్ని గదులూ ఒంటిచేత్తో నిలబెట్టింది.

చివరికి వంటింటి గంట దగ్గరికొచ్చింది. ఆయన నొక్కితే అది ఖాళీ వంటింట్లో మోగుతోంది. దానికి ఆయన పెట్టిన పేరు "వస్తున్నా". ఆయన పిలిచినప్పుడల్లా నలభై ఏళ్లుగా వంటింట్లోంచి వినబడిన మాట అది. ఆ పేరు చూస్తే నాన్నకు బాధేమోనని మా ఆవిడ తీసేయబోయింది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఊపిరి కూడదీసుకుని ముక్కముక్కలుగా అన్నారు: "పేరు ఉండనీ. నంబరు మార్చు."

అదండీ మీ ప్రశ్నకు జవాబు. ఆయన ఈ ఇంట్లోనే ఉంటారు. మేమిద్దరం వంతులు వేసుకుని ఇంటి నుంచే పని చేస్తున్నాం. పొద్దున్నే మా ఆవిడ ఆ పేరును ఆ రోజు వంతు ఎవరిదో వాళ్ల ఫోన్ మీదికి మారుస్తుంది. ఫారం ఖాళీగానే తిప్పి ఇచ్చేశాను.

ఇప్పుడందరూ లేచి నిలబడండి. మా అత్తయ్యను తలుచుకుని రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. దయచేసి ఫోన్లు ఆపేయండి. నాది మాత్రం ఆపను. ఇవాళ వంతు నాది. మధ్యలో మోగిందంటే నేను ఇక్కడినుంచే గట్టిగా "వస్తున్నా" అని అరిచి వెళ్లిపోతాను. ఏమీ అనుకోకండి, మీరు అలాగే నిలబడి ఉండండి.