పళ్ళతో విన్న ఇంజన్

"తాతయ్యా, ఈ కర్ర మీద గాట్లేంటి? కుక్క కొరికిందా?"

కుక్క కాదే గుంటా, నేనే. నా పళ్ళ గాట్లే అవి. నవ్వకు. ఫోను ఆ బల్ల మీద పెట్టు, రికార్డవుతోందన్నావు కదా, కానియ్యి. కర్ర ఇలా ఇయ్యి. ఇది సుత్తి పిడి. ఈ దేశం వచ్చిన కొత్తలో నేను పనిచేసిన సెంబవాంగ్ షిప్‌యార్డులో ఓడల తుప్పు రాలగొట్టే సుత్తులుండేవి. ఒకదాని తల ఊడిపోతే పిడి నేను ఉంచుకున్నాను. ఓడ కడుపులోకి దిగి, చుట్టూ ఇనప గోడలు, పొద్దస్తమానం ఠంగు ఠంగుమని కొట్టడమే. చెవుల్లో దూది పెట్టుకున్నా ఏం లాభం, నా చెవులు అక్కడే పోయాయి. మీ నాయనమ్మ అంటుంది చూడు, ఈయనకి తిడితే వినపడదు, కాఫీ అంటే వినపడుతుంది అని. అది అబద్ధం. నాకు సన్నటి చప్పుళ్ళు అందవు. ఆవిడ గొంతు సన్నం, నేనేం చేసేది.

అక్షరాలు నేర్చుకున్నదీ అక్కడే. క్వార్టర్సులో ఒక గుమాస్తా గారుండేవారు, మన శ్రీకాకుళం వైపు మనిషే. రాత్రి భోజనాలయ్యాక మాలాంటి వాళ్ళని కూర్చోబెట్టి చెప్పేవారు. నాకోసమని గట్టిగా అరిచేవారు పాపం. దాంతో పక్క బ్లాకు వాళ్ళకి కూడా ఓనమాలు వచ్చేశాయి. అప్పుడు కోపి, అదే ఇక్కడి కాఫీ, పది సెంట్లు. కాదు కాదు, పదిహేను. పది సెంట్లంటే ఇంకా ముందు మాట.

ఏం చెబుతున్నాను, కర్ర కదా. షిప్‌యార్డు మానేశాక ఒక చైనా ఆయన కార్ల వర్క్‌షాపులో చేరాను. తౌకే అనేవాళ్ళం, యజమాని అన్నమాట. అప్పారావు అనడానికి ఆయనకి నోరు తిరగదు. అప్పా, అప్పా అని పిలిచేవాడు. అరవంలో అప్పా అంటే నాన్న కదా, అరవం వాళ్ళు విని, ఈ ముసలాడికి చైనా కొడుకు ఎప్పుడు పుట్టాడని నవ్వేవారు. ఇంజన్ లోపలి చప్పుడు నాకు చెవితో తెలియదు కదా, అందుకని ఈ పిడి ఒక కొన ఇంజన్‌కి ఆనించి, రెండో కొన పళ్ళతో పట్టుకునేవాడిని. చప్పుడు దవడ ఎముకలోంచి తలకాయలోకి వచ్చేస్తుంది. చెవులు తీసుకున్న సుత్తి, పోనీలే అని ఇదొకటి వదిలింది.

ఆ రోజులు కంప్యూటర్ల రోజులు. మీ నాన్న ఉద్యోగంలో చేరిందీ అప్పుడే. ట్రైన్ ఎక్కితే చాలు, ఒక మూల బెజవాడ తెలుగు, ఇంకో మూల హైదరాబాదు తెలుగు. అలా వచ్చినవాడే జలీల్. హైదరాబాదు అబ్బాయి, పాసిర్ రిస్‌లో ఫ్లాటు, కంప్యూటర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. అందరూ కొత్త కార్లు కొనుక్కుంటుంటే ఈయన మాత్రం ఆస్ట్రేలియాలో తయారైన పాత బండి కొన్నాడు. ఎనిమిది సిలిండర్లు. ఆగి ఉన్నప్పుడు కూడా కట్టేసిన గిత్తలా ఊగేది. నాకు చూడగానే నచ్చింది.

అయితే ఆ బండి లోపల కొట్టుకుంటోంది. వేడెక్కితే అడుగు నుంచి దుగ్ దుగ్ దుగ్. ఆయిల్ దీపం మినుకు మినుకు. తనిఖీకి వెళ్ళాల్సిన గడువు దగ్గరపడింది. ఇక్కడ సంగతి నీకు తెలుసు కదా, గడువులోగా తనిఖీలో నెగ్గకపోతే బండి తుక్కు కిందికే. వేరే ఇంజన్ పెడదామంటే ఆ కాగితాలు తయారయ్యేలోపు గడువు దాటిపోతుంది. తౌకే ఒకసారి విని చెయ్యి ఊపేశాడు.

"చచ్చిపోయింది అప్పా. తుక్కుకి పంపేద్దాం."

"బతికే ఉంది," అన్నాను.

"నీకు వినపడదు కాబట్టి అంటున్నావు," అన్నాడు.

అదుగో, ఆ మాట దగ్గర నాకు ఎక్కడో మండింది. "నేను బాగు చేస్తాను. ఆఖరున ఏ చప్పుడన్నా మిగిలితే నా పనిముట్లు ఇక్కడే వదిలేసి ఇంటికి పోతాను," అనేశాను. ఆయన సరే అన్నాడు. తౌకే మాటంటే మాటే, తమాషాకి అనడు. మీ నాయనమ్మకి చెబితే గరిటె గిన్నెలో పడేసి, రేపటి నుంచి ఇంట్లో కూర్చుని నా ప్రాణం తీస్తావన్నమాట అంది. అది మాత్రం బాగానే వినపడింది.

జలీల్‌తో పాటు వాళ్ళావిడ సబీహా కూడా వచ్చింది, చేతిలో టిఫిన్ క్యారియరు. "అంకుల్, బండి మంచిగనే ఉండె," అన్నాడు జలీల్. "చప్పుడు వస్తుందని చిక్కటి ఆయిల్ పోసిన. తగ్గింది. మల్ల షురూ అయింది."

"నేను ఏడాది సంది చెప్తున్న అంకుల్," అంది ఆవిడ. "పొద్దుగాల స్టార్ట్ చేస్తే ముంగట దిక్కు చప్పుడొస్తది. నేను చెప్పంగనే ఈయన పాటల సౌండ్ పెంచుతడు. సుంతేచ్ నహీ, అస్సలు వినడు."

"పాత బండి కదా, గట్ల మోగుడు దాని ఆదత్," అన్నాడు.

"ఎలాంటి చప్పుడమ్మా?" అన్నాను.

"రేకు డబ్బల తాళంచెవులు వేసి ఊపినట్టు. జరసేపే. మల్ల బంద్."

ఆ మాట తౌకేకి చెబితే, ఆడవాళ్ళకి అన్నీ వినపడతాయిలే అన్నట్టు మొహం పెట్టాడు. నేను పిడి పళ్ళతో పట్టుకుని, ఒక్కో సిలిండరుకీ నిప్పురవ్వ వెళ్ళే తీగ పీకుతూ విన్నాను. ఒక తీగ పీకగానే దుగ్ దుగ్ మెత్తబడింది. అంటే ఆ సిలిండరు కిందే అరుగుదల. పిస్టన్ కడ్డీ కింద కొన ఇరుసుని పట్టుకునే చోట పల్చటి బేరింగు రేకులుంటాయి. అడుగు ట్రే విప్పి చూస్తే రేకు పైపూత పోయి రాగి కనిపిస్తోంది. తౌకే వంగి చూశాడు. "సరే, నువ్వే గెలిచావు. రేకులు మార్చు, మూసెయ్."

మూసెయ్యొచ్చు. నా దవడకి అందిన చప్పుడు అదొక్కటే కదా. తాళంచెవులు నాకు అందలేదు. అందలేదు గనక లేవనుకోవాలా? రేకు అరిగిందంటే నూనె అందలేదన్నమాట. నూనె ఎందుకు అందలేదు? ఇరుసుని చేత్తో ఇటూ అటూ తిప్పి చూశాను. ఇరుసు కదులుతోంది గాని, పైన దాంతో పాటు తిరగాల్సిన రెండో ఇరుసు కదలకుండా కూర్చుంది. అంటే ఆ రెంటినీ కలిపే చైను వదులు. ఆ చైను ఎక్కడుంటుంది? ముంగట దిక్కు. ఆవిడ చెప్పిన చోటే.

అప్పుడు నూనె పంపు మూతికుండే జల్లెడ చూశాను. నిండా పసుపుపచ్చ ముక్కలు, నానబెట్టిన శనగబద్దల్లాగ. చేత్తో నలిపితే ప్లాస్టిక్కు. ముందు మూత విప్పితే తెలిసింది. ఆ రోజుల్లో కొన్ని బళ్ళలో చైను చప్పుడు చెయ్యకూడదని పళ్ళచక్రానికి నైలాన్ పళ్ళు తొడిగేవారు. అవి ముసలివై విరిగి, ఒక్కొక్కటే జారి, జల్లెడ మూసేశాయి. దాని మీద జలీల్ పోసిన చిక్కటి నూనె. ఉన్న కాస్త సందులోంచి అది పైకి ఏం ఎక్కుతుంది. రేకులు మార్చి మూసేసి ఉంటే కొత్త రేకులు కూడా అదే దారి పట్టేవి.

ఆ ముక్కలు జలీల్ చేతిలో పోశాను. ఒక్కొక్కటే వేలితో తిప్పి చూస్తున్నాడు. ఆవిడ క్యారియరు విప్పుతూ, "ఇగ పాటలు పెట్టు," అంది. అని, అందరికన్నా ముందు అతనికే వడ్డించింది.

ఉక్కు చక్రం కోసం తౌకే తెలిసిన దుకాణాలన్నీ తిరిగాడు, దొరకలేదు. జలీల్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఆస్ట్రేలియాలో ఎవడి దగ్గరో పట్టుకున్నాడు. అది వచ్చేదాకా నేను ఇరుసుని చూసుకున్నాను. గోరుతో గీస్తే ఎక్కడా గీత తగలకూడదు, తగల్లేదు. నునుపు పట్టి, కొత్త రేకులు వేసి, చక్రం, చైను, జల్లెడ అన్నీ కొత్తవి బిగించాను. స్టార్ట్ చెయ్యకముందే డ్రిల్లు పెట్టి నూనె పంపు తిప్పి, పైదాకా నూనె ఊరిందని చూశాను. అప్పుడు కూడా స్టార్ట్ చెయ్యలేదు. తాళంచెవుల చప్పుడు చల్లటి ఇంజన్‌లోనే కదా వచ్చేది. పొద్దున్నే అందరూ రండి అన్నాను.

వచ్చారు. జలీల్ తాళం తిప్పాడు. గిత్త లేచింది. తౌకే విని, "ఓకే లా," అన్నాడు. పోయి కోపి తాగుదామన్నాడు. నేను పిడి ఆనించి విన్నాను. దుగ్ దుగ్ లేదు. కాని నా పందెం ఏ చప్పుడూ ఉండకూడదని. సన్నటిది ఉంటే నాకెలా తెలుస్తుంది?

"అమ్మా సబీహా, నువ్వొచ్చి విను," అన్నాను.

తౌకే నవ్వాడు. "నీ ఉద్యోగం ఆవిడ చేతిలో పెడతావా అప్పా?"

"పెడతాను," అన్నాను. మొండితనం అనుకో, ఏమన్నా అనుకో. విన్నది ఆవిడ. పోయిందో లేదో ఆవిడే చెప్పాలి.

ఆవిడ చున్నీ నడుముకి దోపుకుని ముందుకొచ్చి వంగింది. లోపల జలీల్ చెయ్యి అలవాటుగా పాటల బటన్ మీదికి పోయింది. "హాత్ తియ్," అంది, తలెత్తకుండానే. తీశాడు. కళ్ళు మూసుకుని వింటోంది, నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. ఇంజన్ ఆపించింది. మళ్ళీ స్టార్ట్ చేయించింది.

"లేదు అంకుల్. పోయింది," అంది.

అప్పుడు పనిముట్లు తుడుచుకున్నాను. బండి తనిఖీలో నెగ్గింది, తౌకే కోపి తాగించాడు. మోకాళ్ళు పోయేదాకా అక్కడే చేశాను. తౌకే నన్ను చెవిటి అప్పా అనడం మానలేదు గాని, ఆ తర్వాత చప్పుడని ఏ బండి వచ్చినా నడిపేవాడిని ముందు అడిగేవాడు కాదు. పక్క సీట్లో కూర్చునే ఆవిడని అడిగేవాడు.

ఇదిగో, నువ్వు పట్టుకో. ముందు కడుక్కునిరా. ఆఁ, ఇప్పుడు ఆ ఫ్రిజ్‌కి ఆనించు. అంత గట్టిగా కొరక్కు. ఏం వినపడుతోంది?

"గుర్‌మని, humming లా. మధ్యలో టిక్, టిక్."

టిక్కా? అది నాకు అందదే. మీ నాన్న మొన్న చూసి బాగానే ఉందన్నాడు. పోనీ, నువ్వు విన్నావు కదా, వెనక్కి జరుపు, చూద్దాం. నువ్వు చెప్పిన మాట మొదటిసారే వినేవాళ్ళు నీ ఇంట్లో ఉండాలి తల్లీ, అంతకన్నా ఏం కావాలి. ఆ స్క్రూడ్రైవర్ ఇలా అందుకో. కాదు, చిన్నది...