దుర్బిణి కూర్చోని నాలుగు వందల ఎనభై తుపాకులు

రవాణాకు పెట్టెల్లో సర్దిన నాలుగు వందల ఎనభై తుపాకుల్లో ఒక్కదాని మీద కూడా దుర్బిణి కూర్చోవడం లేదని తెలిసింది, మా కొలతల విభాగాధిపతి గారి పదవీ విరమణకు సరిగ్గా ఇరవై రెండు రోజుల ముందు.

వారు ఉద్యోగంలో చేరింది ముప్పై మూడేళ్ల క్రితం, జూలై పద్దెనిమిదిన. అప్పట్లో ఏ తుపాకీ దుర్బిణిని ఆ తుపాకీకే ఆకురాయితో అరగదీసి అమర్చేవారు. ఒకదానిది మరొకదానికి పట్టేది కాదు. తరువాత, ఎవరు చేసిన దుర్బిణి అయినా, టార్చి అయినా ఏ తుపాకీ మీదైనా బిగిసేలా, వరుసగా అడ్డ గాడులు కోసిన ఒకే కొలత లోహపు పట్టా తుపాకుల పైభాగాన వచ్చింది. ఆ కొలతను వెంట్రుకలో పదో వంతు తేడా రాకుండా పట్టడం మా తుపాకుల కర్మాగారంలో అందరికీ నేర్పినవారు వీరే. అందుకే కార్మికులకు వీరు ‘వెంట్రుక బాబాయ్’ అయ్యారు. సహాయకుడిగా మొదలై, పన్నెండేళ్లు తనిఖీదారుగా, చివరి తొమ్మిదేళ్లు అధిపతిగా పనిచేశారు. “కూరలో ఉప్పు చూడండీ అంటే, ఎంతుండాలో ముందు చెప్పు అంటారు,” అని వారి సతీమణి ఒకసారి మాతో వాపోయారు.

ఈసారి నెపం గాడులు కోసే మిల్లింగ్ మేస్త్రీ మీద పడింది. గాడులు సన్నబడి దుర్బిణి బోల్టు దూరడం లేదు. అరిగిన కట్టర్‌తో కోశాడన్నారు. తొలగింపు ఉత్తర్వు టైపై మేనేజరు గారి సంతకానికి వచ్చింది.

“గాడి వెడల్పు చూడ్డానికి కొలతల విభాగం వాళ్లిచ్చిన గేజి పన్ను ప్రతి గాడిలోనూ దూరింది సార్. దూరితే సరిపోయినట్టే కదా. ఇద్దరు పిల్లలున్నోణ్ణి, కళ్లు మూసుకుని కోస్తానా?” అన్నాడు మేస్త్రీ.

“కళ్లు తెరిచే ఇంత పని చేశావా?” అన్నారు మేనేజరు గారు.

అధిపతి గారు ఆ గేజిని తెప్పించి, మా అందరి ముందే మైక్రోమీటరుతో మూడుసార్లు కొలిచారు. మచ్చలేని సర్వీసుకు మిగిలినవి మూడు వారాలు. ఆయన మాట్లాడకపోతే అడిగేవారు లేరు.

వారికి నిండు ఆరోగ్యం, దీర్ఘాయువు, ఇంటిల్లిపాదితో తీరికైన రోజులు కలగాలని మనసారా కోరుకుంటూ, ఆనాటి వారి మాటలను ఉన్నవి ఉన్నట్టుగా ఇస్తున్నాం.

“ఆ కాగితం చింపేయండి సార్. సన్న గాడిని మళ్లీ కోసి సరిచెయ్యొచ్చు, వీడి ఉద్యోగం పోతే ఎవరు సరిచేస్తారు? అరిగింది గేజి పన్ను, అందుకే సన్న గాడిలోనూ దూరింది. అరగదీసింది నేనే. తుప్పు మచ్చ కనబడితే నాకు ప్రాణం ఒప్పదు, రోజూ పొద్దున్నే గరుకు ఎమరీ గుడ్డతో రుద్దేవాణ్ణి. ఏడాదికోసారి దాన్ని పరీక్షకు పంపాలి. ఈ ఏడు పంపలేదు. నా గేజికి పరీక్షేమిటిలే అనుకున్నాను.”