నయాపూల్‌ను వణికించిన ఫ్యాను

రెండు వేల ఇరవై నాలుగు, రోహిణి కార్తె ఎండలు. పాతబస్తీలో నీడకు నిలిపిన ఆటో సీటు మీద కూర్చున్నా తటాలున లేవాల్సిందే, అంత వేడి. అద్నాన్ చాయ్ కొట్టు రేకు కింద సైదాబాద్ ఇస్సాకు తన మోటారు సైకిల్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. వేసుకున్న చెయ్యి మళ్లీ బయటికి తీయకుండానే బల్ల మీద కూర్చున్నాడు.

తీయకపోవడానికి కారణం ఎదుటి బల్ల మీదే ఉంది. పక్క గల్లీలో మెకానిక్ తాహిర్ భాయ్ ఆ తాళంచెవి కోసమే వచ్చి కూర్చున్నాడు.

ఇస్సాకు పని గాజుల పెట్టెలు చేరవేయడం. ఇక్కడి దుకాణాల్లో కట్టించుకుని షాద్‌నగర్ దాకా, ఒక్కోసారి ఇంకా అవతలికి పోతాడు. అతని బండిది నీళ్లతో చల్లబడే ఇంజను. ముందు చక్రం వెనక రేడియేటర్, దాని వెనక చిన్న ఫ్యాను. బండి వేడెక్కినప్పుడు ఆ ఫ్యాను తిరగాలి. మొన్న అది తిరగడం మానేసింది, తాహిర్ భాయ్ బాగుచేశాడు. బాగుచేసిన నాటి నుంచి ఫ్యాను తిరుగుతూనే ఉంది, బండి మాత్రం ట్రాఫిక్‌లో ఆగిందంటే చాలు, మునుపటిలాగే మరిగిపోతోంది. ఇప్పుడు తాహిర్ భాయ్ ఇంజన్ దించాలంటున్నాడు.

ఇంజన్ దించితే పెళ్లిళ్ల సీజన్ అయిపోయేదాకా బండి ఉండదు. బండి లేకపోతే గాజుల సేటు ఇంకొకణ్ని పెట్టుకుంటానని ముఖం మీదే చెప్పాడు. అదొక భయం. దించిన ఇంజను మళ్లీ ఎక్కేటప్పుడు అదే సామానుతో ఎక్కుతుందా అన్నది ఇంకో భయం. ఆ మాట పైకి అనలేక ఇస్సాకు తాహిర్ చేతుల వైపే చూస్తున్నాడు.

"అనుమానం ఉంది నీకు నా మీద. కండ్లల్ల కనిపిస్తుంది" అన్నాడు తాహిర్, చాయ్ సాసర్‌లో పోసుకుంటూ. "సరే, బుచ్చయ్యన్నా, నువ్వే చెప్పు. ఈ బండి వచ్చిన రోజు నేను పానా పట్టిన్నా? పట్టలే. ట్యాంకు మీద చెవి ఆనించిన, గంతే. ఇంజన్ మొత్తుకుంటుంది, ఫ్యాన్ నోరు మూసుకుంది అన్న. బ్యాటరీ నుంచి రెండు వైర్లు గుంజి ఫ్యాన్‌కు డైరెక్ట్ ఇచ్చిన. గిర్రున తిరిగింది. అంటే ఏంది? ఫ్యాన్ బతికే ఉంది, దానికి కరెంటు తెచ్చే ప్లగ్గు సచ్చింది. చిలుము పట్టిన ఆ ప్లగ్గు కోసి పారేసి, వైర్లు నా చేతుల్తోని కలిపి టేపు చుట్టిన."

"చుట్టినవ్, నేను చూసిన" అన్నాడు బుచ్చయ్య. ఆయన నల్లా డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరయ్యాడు. రోజూ ఈ కొట్టుకు చాయ్ కోసం కాదు, తాహిర్ కోసం వస్తాడు.

"చుట్టినంక ఏమైందో ఎరుకనా? ట్రయల్ చూడాలె గదా. బండి తీసుకొని మూసీ మీద నయాపూల్ బ్రిడ్జి దాక పోయిన."

ఇస్సాకు తల ఎత్తాడు. "నయాపూల్ దాకనా? గల్లీ మలుపు దాక అన్నవ్ నాతోని."

"మలుపు దాక పోతే ఫ్యాన్‌కు ఏం తెలుస్తది అన్నా?"

"అందుకేనా పెట్రోల్ ముల్లు కిందికి వచ్చింది?"

"అరే, పెట్రోల్ సంగతి తర్వాత. ముందు ఇను. పూల్ మీద జామ్. మస్తు జామ్, చీమ కూడా పక్కకు జరగలేదు. ఇంజన్ గరం అయింది, నా ఫ్యాన్ షురూ అయింది. షురూ అయిందో లేదో, ముందు స్కూటర్ మీదున్న పెద్దమనిషి టోపీ ఎగిరింది!"

"టోపీనా?" అన్నాడు అద్నాన్, గిన్నె కలుపుతూ.

"టోపీ ఎగిరి ఎక్కడ పడ్డదనుకున్నవ్? మూసీల పడలే. మూసీ దాటి అవతలి ఒడ్డున ఒకాయన నెత్తి మీద కూసుంది. ఆయన సలాం చెప్పిండు నాకు, ఫ్రీగ టోపీ వచ్చిందని."

బుచ్చయ్య తొడ చరుచుకున్నాడు. ఇస్సాకు నవ్వలేదు. జేబులో తాళంచెవిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"ఇంకా స్పీడ్ అయింది ఫ్యాన్. ముందట కోర్టు వకీళ్లు రోడ్డు దాటుతున్నరు. నల్ల కోట్లు గాలికి ఉబ్బినయి చూడు, ఖసమ్ సే, గొడుగుల లెక్క! ఒక బక్క వకీలు నేల మీదికెళ్లి లేసిండు. 'తాహిర్ భాయ్, బంద్ చెయ్, నా కేసు పిలుస్తున్నరు' అని పైకెళ్లి మొత్తుకుంటుండు."

"నీ పేరు ఎట్ల ఎరుక ఆయనకు?" అన్నాడు ఇస్సాకు.

"పాతబస్తీల నా పేరు ఎరుకలేనోడు ఎవడు? ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? బట్టల దుకాణాల దిక్కు బండి తిప్పిన. అదే నేను చేసిన తప్పు. ముందున్న దుకాణంల చీరల కట్టలు వాటంతటవే విప్పుకున్నయి, రోడ్డు పొడుగునా పర్చుకున్నయి. ఆడోళ్లు నడుచుకుంట పోయి చీరలు ఎంచుకున్నరు. సేట్లకు లొల్లి లేకుండ బేరం అయింది. ఆ ముందట ఆర్టీసీ బస్సు, డీజిల్ అయిపోయి నిలబడ్డది. నా ఫ్యాన్ గాలికే పోయింది డిపో దాక. డ్రైవర్ స్టీరింగ్ పట్టుకోవడం తప్ప ఏం చెయ్యలే."

"కండక్టర్ టికెట్లు కొట్టిండా?" అన్నాడు బుచ్చయ్య.

"సగం టికెట్ కొట్టిండు. సగం గాలి నాదిగదా! ఇంకా అయిపోలే. సలి షురూ అయింది. రోహిణి ఎండల, మిట్టమధ్యాన్నం, ముందున్న దుకాణాలోళ్లు రజాయిలు బయటికి తీసిన్రు. బరఫ్ అమ్మేటోడు బండి బంద్ పెట్టి బొగ్గులు అమ్మిండు. మూసీ నీళ్లు గడ్డ కట్టినయి, పిలగాండ్లు దాని మీద క్రికెట్ ఆడిన్రు. అంపైర్ వణుకుతుండు, ఔటో నాటౌటో తెలుస్తలేదు."

అద్నాన్ నవ్వుతూ పాలు పొయ్యి మీద ఒలకబోశాడు.

తాహిర్ గొంతు తగ్గించాడు. "ఇప్పుడు అసలు ముచ్చట. ఫ్యాన్‌కు గంత తాకత్ వచ్చింది, మరి బండి ఎందుకు మరుగుతుంది? ఇంజన్ కమ్జోర్ అన్నా. నా ఫ్యాన్‌ను అది తట్టుకుంటలేదు. దించాలె. తాళంచెవి ఇయ్యి." చెయ్యి చాచాడు.

ఇస్సాకు చెయ్యి జేబులోనే ఉంది. "ఒక్క మాట అడుగుత భాయ్. టోపీ ఎవనిది ఎగిరింది?"

"చెప్పిన గదా, ముందటోనిది."

"కోట్లు?"

"ముందటోళ్లయే."

"చీరలు, బస్సు, రజాయిలు?"

"అన్నీ ముందటివే. ఏంది, పోలీసోని లెక్క అడుగుతున్నవ్?"

"మరి నీ అంగీ?"

"నా అంగీనా?" తాహిర్ ఛాతీ చరుచుకున్నాడు. "నా అంగీ గుండీ కూడ కదల్లే! మోకాళ్లకు ఇసుమంత గాలి తగల్లే! గట్లుంటది నా పని!"

ఇస్సాకు లేచాడు. ఫ్యాను చెడిపోక ముందు సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ వేడి గాలి వచ్చి మోకాళ్లను కాల్చేది. ప్యాంటు మాడిన వాసన వస్తోందని భార్య కళావతి ఇంట్లో తిట్టేది. తాహిర్ బాగుచేసినప్పటి నుంచి మోకాళ్లు హాయిగా ఉన్నాయి. ఆ హాయిని ఇన్నాళ్లూ అతను అనుమానించలేదు. లోకంలో అన్నిటినీ అనుమానించే మనిషి, అదొక్కటే వదిలేశాడు.

బండి స్టార్ట్ చేసి నిలబడ్డాడు. వేడి చూపే ముల్లు పైకెక్కింది, ఫ్యాను బుర్రుమంది. ఇస్సాకు బిస్కెట్ల కింద ఉన్న పేపర్ ముక్క చింపి, వంగి, రేడియేటర్ జాలీ ముందు పట్టుకుని వదిలాడు. ముక్క ముందుకు ఎగిరి, రోడ్డు మీద పోతున్న ఆటో కింద పడింది.

"ఫ్యాన్ ముందటి గాలిని లోపలికి గుంజాలె తాహిర్ భాయ్" అన్నాడు. "నీది లోపలి వేడిని ముందుకు ఊదుతుంది. బండి పోతుంటే ఎదురొచ్చే గాలిని కూడ వచ్చిన దిక్కుకే నూకుతుంది. ప్లగ్గు కోసినప్పుడు రెండు వైర్లు ఉల్టా కలిపినవ్. ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది."

తాహిర్ వంగి జాలీ వైపు చూశాడు. సాసర్‌లో చాయ్ చల్లారింది.

"పోనీలే" అన్నాడు బుచ్చయ్య, "ఇంజన్ దించుడు తప్పింది. నయాపూల్‌ల జనానికి సలి కూడ తప్పింది."

తాహిర్ వెళ్లి, బండి ముందు కూర్చుని, టేపు విప్పాడు. మురికి పట్టి రెండు వైర్లూ ఒకే రంగులో ఉన్నాయి. వాటిని తారుమారు చేసి మళ్లీ చుట్టాడు. ఈసారి ఫ్యాను తిరిగినప్పుడు ఇంకో పేపర్ ముక్క పెడితే జాలీకి అతుక్కుంది, రాలలేదు. సీటు మీదున్న ఇస్సాకు మోకాళ్లకు వేడి గాలి కొట్టింది. అతను కాళ్లు పక్కకు తీసుకోలేదు.

"నేను గిదే చెప్పబోతుంటి" అన్నాడు తాహిర్.

రేడియేటర్‌లో మరిగి ఆవిరైపోయిన కూలెంట్ మళ్లీ నింపాల్సి వచ్చింది. మూడు వందల అరవై రూపాయలు. ఇస్సాకే ఇచ్చాడు.