తగ్గిన విషం

అన్నాబా పట్టణంలో ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే కార్ఖానా పక్కన ఆసుపత్రి. ఆ కార్ఖానాలో పనిచేసే భర్త తెచ్చే నూనె బట్టలు ఏళ్లతరబడి ఉతికిన ఆమె రెండో రక్తపరీక్ష ఫలితం కోసం డాక్టరమ్మ ముందు కూర్చుంది.

"నీ రక్తంలో ఆ నూనె విషం సగానికి తగ్గిందమ్మా."

"అల్లా దయ. మా అత్త రోజూ మెంతులు కాచి ఇస్తోంది. అదే కడిగేసుంటుంది."

"మెంతులు పాలు పెంచుతాయి గానీ విషాన్ని కడగవు. ఒంట్లో ప్రతి కణం చుట్టూ పల్చటి కొవ్వు పొర కాపలా ఉంటుంది. ఈ విషం కొవ్వులో కరిగేది, అందుకే పొర దాన్ని ఆపలేదు. లోపలికి చేరాక కొవ్వునే పట్టుకుని కూర్చుంటుంది. చెమటలో పోదు, మూత్రంలో పోదు."

"మరి నాలోంచి ఎట్లా పోయింది?"

"కొవ్వుతోపాటే పోయింది. పాలల్లో."

ఆమె తలతిప్పి, వరండాలో అత్త ఒడిలో నిద్రపోతున్న పాపను చూసింది.

"పాపకు డబ్బాపాలు పడదామని మా ఆయనంటే, పోట్లాడి మరీ నా పాలిచ్చాను. మొదటి పరీక్ష కాన్పుకు ముందే చేశారుగా, అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పాలు మానిపించేదానివి. అప్పుడు ఎంత తగ్గుతుందో మాకెలా తెలిసేది?"

"మీకూ పిల్లలున్నారా, డాక్టరమ్మా?"

"ఉన్నారు. వాళ్లకు డబ్బాపాలే పట్టాను."

వరండాలో అత్త ఒడిలో పాప వస్సీలా నిద్రలేచి ఆకలికి ఏడ్చింది. ఆ ఏడుపు చెవిన పడగానే ఆమెకు పాలు చేపుకొచ్చి, ఎంత అదిమిపట్టినా ఆగక, బట్టలు తడిసిపోయాయి.