ఒంటి సీటు

మధ్యాహ్నపు ఎండ షెడ్డు గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఇంకా వేడి చల్లారని బండి పక్కన మెకానిక్ గొంతుక్కూర్చున్నాడు. అతని బావ హెల్మెట్ తీయకుండానే నిలబడ్డాడు.

“పొద్దున్నుంచి కొండదారంతా తిప్పావు కదా బావా, ఎలా ఉంది?”

“బాగుంది. హ్యాండిల్ ఎత్తు పెంచావుగా, భుజాలు నొప్పెట్టలేదు.”

“సైలెన్సర్?”

“మెత్తగా మోగుతోంది.”

“కొత్తల్లుడిలా ముక్తసరిగా మాట్లాడకు. సీటు సంగతి చెప్పు. అక్క పోయాక వెనక ఖాళీ చూడలేనని నువ్వేగా ఒంటి సీటు వేయించుకున్నావు!”

“అవును. ఇప్పుడు ఖాళీ కనబడదు.”

“మరి?”

“గుంత వచ్చినప్పుడల్లా ‘గట్టిగా పట్టుకో’ అన్నాను.”

మెకానిక్ చేతిలోని రెంచీ నెమ్మదిగా కింద పెట్టాడు.

“అక్క ఏనాడైనా పట్టుకుందా బావా?”

“లేదు. ‘ముందు నువ్వు చూసి నడుపు’ అనేది.”

“ఇవాళ?”

“ఏమీ వినబడలేదు. ఏడుపూ రాలేదురా. బండి మాత్రం బాగా నడిచింది.”

“పాత సీటు బిగించేయనా?”

“బిగించు.”

“మళ్ళీ ఖాళీగా కనబడుతుంది మరి.”

“కనబడనీ. కూర్చోవడానికి చోటే లేకుండా చేసి పట్టుకోమంటే, పాపం, ఎలా పట్టుకుంటుంది?”